కార్డు ఒకళ్ళకే, కార్లో ఐదుగురం

జూలై 4 లాంగ్ వీకెండ్‌కి కెనడాలో ఉన్న సర్రీ వెళ్దామన్న ఐడియా నాదే కాబట్టి ఎవర్నీ అనడానికి లేదు. 2024 సంగతి ఇది. అమ్మ, నాన్న తెనాలి నుంచి వచ్చి ఉన్నారు, మా పెద్దమ్మ కూతురు అక్క సర్రీలో ఉంటుంది, సియాటిల్ పక్కన బాథెల్‌లో మా ఇంటి నుంచి బోర్డర్ గంటన్నర డ్రైవ్, అక్కడ్నుంచి వాళ్ళిల్లు ఇరవై నిమిషాలు. పొద్దున్నే బయల్దేరి లంచ్‌కి వచ్చేస్తాం అని అక్కకి చెప్పేశా కూడా. గుత్తొంకాయ చేస్తానంది.

బోర్డర్ ఊరు బ్లెయిన్ దగ్గరికొచ్చేసరికి ఐ-5 హైవే మీద బోర్డులో వెయిటింగ్ 95 నిమిషాలు అని పడింది. మా ఆయన ఒకసారి ఆ బోర్డు చూసి, ఒకసారి నన్ను చూసి, ఏమీ అనకుండా పాటల సౌండ్ పెంచాడు.

పీస్ ఆర్చ్ బోర్డర్ చూడనివాళ్ళ కోసం చెప్తున్నా, అక్కడ పార్కు మధ్యలో అరవై ఏడు అడుగుల తెల్ల కమాను ఒకటి ఉంటుంది, 1921లో కట్టారు, ఒక కాలు అమెరికాలో, ఒక కాలు కెనడాలో. కార్లన్నీ దాని పక్కనుంచే పాకుతుంటాయి. కమాను లోపల రెండు వైపులా ఇనుప గేట్లు తెరిచిపెట్టినట్టు బిగించి ఉంటాయి, పైన ఈ గేట్లు ఎప్పటికీ మూసుకోకూడదు అని ఇంగ్లీషులో రాసి ఉంటుంది. కదలని కార్లో పనేముంది, అది చదివి అమ్మకి అర్థం చెప్పా. అమ్మ అటు కమాను చూసి, ఇటు మా ముందున్న కార్ల వరస చూసి, "మూయకూడదని రాసుకున్నారు సరే, మరి తియ్యరేంటే" అంది.

అప్పుడే మా ఎడమ పక్క లేన్‌లోంచి ఒక పాత టొయోటా సర్రున వెళ్ళిపోయింది. దాని వెనకాల ఇంకోటి. మాకేమో ముందున్న ఇల్లులాంటి ఆర్‌వీ బండి వెనకాల అంటించిన స్టిక్కర్లన్నీ కంఠతా వచ్చేశాయి. నాన్న అద్దం దించి తల బయటపెట్టి, "ఆళ్ళు వీఐపీలా?" అన్నారు.

వీఐపీలు కాదు నాన్నా, నెక్సస్ అన్నాను. అక్కడ్నుంచి గంటసేపు నాన్నకి ఈ కార్డుల గొడవంతా చెప్పాల్సొచ్చింది. అంత వివరంగా ఒక మనిషికి చెప్తుంటేనే నాకు తట్టింది, ఈ స్కీములన్నీ ఒంటరిగా తిరిగే మనిషిని ఊహించుకుని చేసినవని. సూటూ బూటూ వేసుకుని, చిన్న బ్యాగు లాక్కుంటూ, నెలకి రెండుసార్లు మీటింగులకెళ్ళే మనిషి. మనమేమో పెళ్ళికెళ్ళినట్టు వెళ్తాం ఎక్కడికైనా.

నెక్సస్ కథ ఏంటంటే, అమెరికా, కెనడా రెండూ కలిసి నడిపే ప్రోగ్రాం. ముందే అప్లై చేస్తే రెండు దేశాల వాళ్ళూ మన చరిత్ర అంతా తవ్వి, ఇంటర్వ్యూ చేసి, వేలిముద్రలు తీసుకుని, వీళ్ళతో ప్రమాదం లేదు అనుకుంటే కార్డు ఇస్తారు. ఐదేళ్ళు పనిచేస్తుంది. కార్డులో చిప్ ఉంటుంది, బూత్‌కి రాకముందే రీడర్ వైపు చూపిస్తే ఆఫీసర్ స్క్రీన్ మీద మన బొమ్మ, వివరాలు వచ్చేస్తాయి, ఒకటో రెండో ప్రశ్నలడిగి పంపించేస్తాడు. అదే కార్డుతో విమానాశ్రయాల్లో గ్లోబల్ ఎంట్రీ కూడా వాడుకోవచ్చు, అంటే విదేశం నుంచి అమెరికాలో దిగినప్పుడు ఇమిగ్రేషన్ తొందరగా దాటించే ప్రోగ్రాం. ఇంతకుముందు ఫీజు 50 డాలర్లే ఉండేది, 2024 అక్టోబర్ 1 నుంచి 120 చేశారు, గ్లోబల్ ఎంట్రీని కూడా 100 నుంచి 120కి తీసుకొచ్చి రెండూ ఒకే రేటు చేసేశారు. పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలకి అమ్మానాన్నల్లో ఒకరు మెంబరైతే ఫ్రీ.

"మరి నువ్వెందుకు తీసుకోలా?" అన్నారు నాన్న. ఇదిగో ఇక్కడే నాకు కాలేది.

నెక్సస్‌కి అమెరికా, కెనడా సిటిజన్లు, లేదా ఆ రెండు దేశాల్లో పర్మనెంట్ రెసిడెంట్లు అయ్యుండాలి. మేమిద్దరం హెచ్‌1బీ వర్క్ వీసా మీద ఉన్నాం. గ్రీన్ కార్డు లైన్లో మా నంబరు ఎప్పుడొస్తుందో మా మనవళ్ళకి తెలియాలి. అంటే ఆ కార్లో ఉన్న ఐదుగురిలో నెక్సస్‌కి అర్హత ఉన్నది ఎవరికయ్యా అంటే, వెనక సీట్లో నోరు తెరుచుకుని నిద్రపోతున్న మా నాలుగేళ్ళ వాడికి. వాడు అమెరికాలో పుట్టాడు కదా. ఒకవేళ వాడికి కార్డు తీసుకున్నా ఏం లాభం, ఆ లేన్‌లో వెళ్ళాలంటే కార్లో కూర్చున్న ప్రతి ఒక్కళ్ళకీ, చంటిపిల్లలతో సహా, కార్డు ఉండాలి. ఒక్కళ్ళకి లేకపోయినా మామూలు లైనే. పోనీ వాడొక్కడే డ్రైవ్ చేసుకుంటూ వెళ్తాడా అంటే బూస్టర్ సీటు బెల్టు పెట్టుకోవడమే రాదు వాడికి.

సర్రీలో మా బావకి ఉంది నెక్సస్. బావ కెనడా సిటిజన్. శనివారం పొద్దున్నే ఒక్కడే కార్ వేసుకుని బెల్లింగ్‌హామ్ కాస్ట్‌కోకి వచ్చి పాలు, చీజ్ కొనుక్కుని, ట్యాంకు ఫుల్ చేయించుకుని అక్క నిద్రలేచేలోపు ఇంటికి వెళ్ళిపోతాడు. ఆ ఏరియాలో చాలామందికి ఇదే అలవాటు. అదే బావ, అక్కతో కలిసి మా ఇంటికొచ్చేటప్పుడు మాత్రం మాలాగే లైన్లో కూర్చుని వస్తాడు, ఎందుకంటే అక్క కార్డు ఎక్స్‌పైర్ అయ్యి రెన్యూ చెయ్యలేదు. "మీ అక్క బద్ధకానికి నేను గంట కట్టాల్సొస్తంది" అని ప్రతిసారీ అంటాడు, "ఆ గంట నాతో మాట్లాడొచ్చుగా" అని అక్క ప్రతిసారీ అంటుంది.

సరే నా విషయం. నెక్సస్ లేదుగానీ నాకు గ్లోబల్ ఎంట్రీ ఉంది. ఇది చాలామంది మన హెచ్‌1బీ వాళ్ళకి ఇప్పటికీ తెలీదు, గ్రీన్ కార్డు ఉంటేనే ఇస్తారనుకుంటారు. 2016 జూన్‌లో ఇండియా, అమెరికా ఒప్పందం మీద సంతకాలు చేశాయి, 2017 జూలై నుంచి ఇండియన్ పాస్‌పోర్టు వాళ్ళకీ తెరిచారు, అప్పటి మన అంబాసిడర్ నవతేజ్ సర్నా మొట్టమొదటి ఇండియన్ మెంబరు. ప్రోగ్రాం మొదలైంది మాత్రం 2008లో. పోనీ ఫ్రీగా వచ్చే మొబైల్ పాస్‌పోర్ట్ యాప్ వాడదామా అంటే అది సిటిజన్లకీ గ్రీన్ కార్డు వాళ్ళకీ ఇంకొందరికేగానీ హెచ్‌1బీకి లేదు. కాబట్టి మాలాంటి వాళ్ళకి దిక్కు ఇదొక్కటే.

అప్లికేషన్ ఆన్‌లైన్లోనే. చూడ్డానికి చిన్నదే, నింపడానికి కూర్చుంటే తెలుస్తుంది. గత ఐదేళ్ళలో ఎక్కడెక్కడ ఉన్నావు, ఎక్కడెక్కడ పనిచేశావు, ఏ ఏ దేశాలు తిరిగావు, నెలలతో సహా, మధ్యలో గ్యాప్ ఉండకూడదు. నేను వచ్చిన కొత్తలో ఒక అపార్ట్‌మెంట్‌లో నలుగురం అమ్మాయిలం ఉండేవాళ్ళం, లీజు నా పేరు మీద లేదు, యూనిట్ నంబరు గుర్తు లేదు. పాత వాట్సాప్ గ్రూపు తవ్వి, దాంట్లో ఎవరో ఎప్పుడో పిజ్జా కోసం పెట్టిన అడ్రస్ పట్టుకుని నింపా. ఆ గ్రూపు పేరు ఇంకా 'గిన్నెలు ఎవరు తోమాలి' అనే ఉంది.

మా ఆయన అప్లికేషన్ ఇంకో కథ. మనవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు దగ్గర ఖాళీ వదిలేసి మొత్తం పేరంతా ఒకే గడిలో పడేసిన వాళ్ళు ఎంతమందో. అలా ఉంటే అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరైపోతుంది, అసలు పేరు దగ్గర ఎఫ్ఎన్‌యూ అని వేస్తారు, అంటే ఫస్ట్ నేమ్ తెలీదు అని. ఆయన డ్రైవింగ్ లైసెన్సు మీదా అదే, ఆఫీసు బ్యాడ్జి మీద మొదట్లో అదే. ఫ్రెండ్స్ ఇప్పటికీ ఫ్నూ అనే పిలుస్తారు. నమ్మకస్తుడైన ప్రయాణికుడు అని కార్డు ఇవ్వడానికి ముందు ఆ ప్రయాణికుడి పేరేంటో తేలాలి కదా, అది తేలక ఆయన అప్లికేషన్ సగంలో వదిలేసి పాస్‌పోర్టు సరిచేయించుకున్నాక చూద్దాం అన్నాడు. ఇంకా చూస్తూనే ఉన్నాడు.

ఇండియన్లకి ఇక్కడ అదనంగా ఒక మెట్టు ఉంది. అమెరికా వాళ్ళు వాళ్ళ చెకింగ్ వాళ్ళు చేసుకుంటారు, అది కాక ఇండియా వైపు నుంచి కూడా మన మీద వెరిఫికేషన్ జరగాలి. పాస్‌పోర్ట్ సేవా సైట్లో గ్లోబల్ ఎంట్రీ బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌కి అని విడిగా ఉంటుంది. అది అంతా పెట్టి మర్చిపోయా నేను. కొన్ని వారాల తర్వాత ఒకరోజు తెల్లవారుజామున నాన్న ఫోన్. కంగారుగా లేచి ఎత్తితే, "అమ్మాయ్, నువ్వక్కడ ఏమన్నా చేశావా?" అన్నారు.

కానిస్టేబుల్ ఇంటికొచ్చాడంట. నాన్న గుమ్మంలో పేపర్ చదువుకుంటున్నారు, బండి దిగి, మీ అమ్మాయి ఫలానా కదా, అమెరికాలో ఉంటది కదా, ఎన్నాళ్ళయింది, కేసులేమైనా ఉన్నాయా, ఆధార్ జిరాక్స్ ఇవ్వండి, పక్కింటి వాళ్ళు ఇద్దరు సాక్షి సంతకం పెట్టాలి అన్నాడంట. పక్కింటి పిన్నిగారు సంతకం పెట్టి ఊరుకుందా, ఈ అమ్మాయికి చిన్నప్పట్నుంచీ చదువే లోకమండీ, మా వాడితో పోటీ పడేది లెక్కల్లో అని పది నిమిషాలు చెప్పిందంట. ఎదురింటి మాస్టారు అయితే అసలు విషయమేంటో తెలీకుండానే సంబంధం గురించి వాకబు చేస్తున్నారనుకుని, పిల్ల బంగారం, కానీ పెళ్ళయిపోయిందండీ అన్నారంట. అమ్మ కానిస్టేబుల్‌కి కాఫీ ఇచ్చి పంపించింది.

నాకు ఇది ఎప్పుడు తల్చుకున్నా గమ్మత్తుగా ఉంటుంది. సియాటిల్లో కెమెరా నా మొహం చూసి రెండు సెకన్లలో వెళ్ళు అంటోందంటే దాని వెనకాల తెనాలిలో పిన్నిగారి సంతకం ఉంది.

తర్వాత కొన్ని నెలలకి కండిషనల్ అప్రూవల్ వచ్చింది, అంటే ఇక ఇంటర్వ్యూ ఒకటే మిగిలింది. ఇంటర్వ్యూకి అపాయింట్‌మెంట్లు దొరక్క వెతుక్కునే పని పెట్టుకోకండి, విదేశం నుంచి వచ్చే ప్రయాణం ఏదైనా ఉంటే దిగగానే ఇమిగ్రేషన్ దగ్గరే ఇంటర్వ్యూ చేసేస్తారు, అపాయింట్‌మెంట్ అక్కర్లేదు, ఈ సౌకర్యం ఉన్న ఎయిర్‌పోర్టులు చాలా ఉన్నాయి. నాకు ఇండియా నుంచి వస్తూ సియాటిల్లోనే అయిపోయింది. ఇరవై గంటల పైన ప్రయాణం చేసి, జుట్టు రేగిపోయి, ఏ టైమ్ జోన్లో ఉన్నానో తెలీకుండా నిలబడితే, ఎప్పుడైనా అరెస్టయ్యావా, ఏం పని చేస్తావు, ఎందుకు వెళ్ళొచ్చావు అని నాలుగు ప్రశ్నలు, నాలుగు వేళ్ళు, బొటనవేళ్ళు, ఒక ఫోటో. ఆ ఫోటోలో నన్ను చూస్తే నేనే దేశంలోకి రానివ్వను.

ఇండియన్ పాస్‌పోర్టు మీద హెచ్‌1బీలో ఉన్నవాళ్ళకి ప్లాస్టిక్ కార్డు రాదు, అది సిటిజన్లకీ గ్రీన్ కార్డు వాళ్ళకీ మెక్సికన్లకీ పంపిస్తారు. మనకి తొమ్మిది అంకెల నంబరు, అది పాస్‌పోర్టుకి లింకు. కొత్త పాస్‌పోర్టు తీసుకుంటే అకౌంట్లోకి వెళ్ళి అప్‌డేట్ చెయ్యాలి, లేకపోతే మెషీన్ మనల్ని గుర్తుపట్టదు. ఆ నంబరే విమానం టికెట్‌లో వేస్తే దేశంలోపల తిరిగేటప్పుడు టీఎస్‌ఏ ప్రీచెక్ కూడా వస్తుంది, అంటే సెక్యూరిటీ చెకింగ్‌కి విడిగా తొందర లైను. షూస్ విప్పక్కర్లేదు అన్నదే దానికి పెద్ద ఆకర్షణగా ఉండేది, 2025 జూలై నుంచి ఎవ్వరూ విప్పక్కర్లేదన్నారు, ఇప్పుడు మిగిలింది ల్యాప్‌టాప్ బయటికి తియ్యకపోవడం, పొట్టి లైను.

నిజంగా ఎంత టైమ్ మిగులుతుంది అని అడుగుతారు అందరూ. ఇమిగ్రేషన్ దగ్గర అయితే తేడా కొట్టొచ్చినట్టు కనపడుతుంది, కెమెరా ముందు నిలబడు, టోపీ తియ్యి, అయిపోయింది. హెచ్‌1బీ కాబట్టి అప్పుడప్పుడు పేపర్లు చూపించమని ఆఫీసర్ దగ్గరికి పంపిస్తారు, అది వేరే సంగతి. కానీ సియాటిల్లో 2022లో కొత్త అరైవల్స్ బిల్డింగ్ వచ్చాక వరస మార్చేశారు, ముందు పెట్టెలు, తర్వాత ఇమిగ్రేషన్. గాల్లో వేలాడే పెద్ద గాజు వంతెన మీద నడుస్తాం, కింద నుంచి విమానాలు వెళ్తుంటాయి, బాగుంటుంది, నడిచి దిగితే బెల్టు దగ్గర నిలబడాలి. నీ దగ్గర ఏ కార్డున్నా నీ పెట్టె వచ్చేదాకా నువ్వు మామూలు మనిషివే. పైగా మా పెట్టెలకి అమ్మ కట్టిన నైలాన్ తాడు, మార్కరుతో నాలుగు వైపులా ఇంటిపేరు. మొన్నోసారి నలభై నిమిషాలు పట్టింది ఆఖరి పెట్టె రావడానికి, నాతో పాటు దిగిన ఫ్లైట్ సగం నాతో పాటే నిలబడింది.

ఇంకోటి, తొందరగా బయటపడ్డామన్న సంబరంలో ఐ-94, అంటే అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు, చూసుకోవడం మర్చిపోవద్దు. అది ఆన్‌లైన్లో ఉంటుంది. పాస్‌పోర్టు గడువు హెచ్‌1బీ అప్రూవల్ కంటే ముందే అయిపోతుంటే ఐ-94 డేటు పాస్‌పోర్టు దాకానే ఇచ్చేస్తారు చాలాసార్లు. బూత్ దగ్గర మనిషి ఉంటే కనీసం ఆయన నోటితో చెప్తాడేమో, మెషీన్ ఏం చెప్తుంది. మా ఫ్రెండ్ ఒకమ్మాయి ఏడాది తర్వాత చూసుకుని లాయర్ దగ్గరికి పరిగెత్తింది.

ఇక మా కెనడా ప్రయాణంలో అసలు సినిమా తిరిగొచ్చేటప్పుడు జరిగింది.

మూడు రోజులు బ్రహ్మాండంగా గడిచాయి. ఆదివారం సాయంత్రం బయల్దేరేటప్పుడు అక్క పులిహోర, చెగోడీలు, సున్నుండలు కట్టిచ్చింది, నేను దగ్గరుండి చూశా, అన్నీ వండినవే, పళ్ళు లేవు, పచ్చివి లేవు, మాంసం లేదు. బోర్డర్ లైన్లో ఈసారి గంట. బూత్ దగ్గర ఆఫీసర్ ఐదు పాస్‌పోర్టులూ తిప్పి చూసి, కళ్ళద్దాల పైనుంచి వెనక సీటు వైపు చూసి, పళ్ళు, కూరగాయలు, మొక్కలు ఏమైనా ఉన్నాయా అన్నాడు. మా ఆయన ధీమాగా లేవు అన్నాడు. మా అమ్మకి ఇంగ్లీషు రాదు అని మేం అనుకుంటాంగానీ కూరగాయలకి ఇంగ్లీషు మాట బాగానే తెలుసు. వెనకనుంచి, "కరివేపాకు ఉందిగా అమ్మాయ్, చెప్పు ఆయనకి" అంది.

కార్లో ఒక్క క్షణం ఏసీ శబ్దం తప్ప ఏం లేదు.

అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో, తడి కాయితపు రుమాల్లో చుట్టి, దానిపైన పాలిథిన్ కవరు, దానిపైన నాన్న చేతిరుమాలు. సర్రీలో స్కాట్ రోడ్డు మీద కొట్లో అక్క కొన్న కట్ట. "ఇంత తాజాగా మీ ఊళ్ళో దొరకట్లేదన్నావుగా" అంది నాతో. నేను వెంటనే కిటికీ వైపు వంగి, సారీ ఆఫీసర్, మా అమ్మ దగ్గర కరివేపాకు ఉంది, మాకు తెలీదు, ఇప్పుడే చెప్పింది అన్నా. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు, ఒక నారింజ రంగు కాయితం వైపర్ కింద పెట్టి పక్కకి వెళ్ళి పార్క్ చెయ్యమన్నాడు.

లోపల అరగంట కూర్చున్నాం. అగ్రికల్చర్ ఆఫీసర్ ఒకావిడ గ్లౌజులేసుకుని ఆ కట్ట విప్పి, ఒక్కో రెమ్మా తిప్పి చూసింది. అమ్మ కూడా పక్కనుంచి చూస్తోంది, ఇద్దరూ కలిసి కూరకి ఏరుతున్నట్టే ఉంది. కరివేపాకు నిమ్మజాతి మొక్క, నిమ్మ, నారింజ చెట్లని చంపేసే సిట్రస్ గ్రీనింగ్ తెగుల్ని మోసే చిన్న పురుగు ఈ ఆకు మీద బతుకుతుంది, ఫ్లోరిడాలో 2005లో ఆ తెగులు బయటపడ్డాక అక్కడి నారింజ తోటలు సర్వనాశనం అయ్యాయి, అందుకే ఆకుకి ఇంత పట్టుదల. ఆవిడ ఇదంతా ఓపిగ్గా చెప్పింది. నేను తెలుగులో అమ్మకి చెప్పా. అమ్మ తలూపి, "పాపం, తోటలు పోతే కష్టమే" అని, కాసేపాగి, "కడిగిస్తే కూడా తీసుకోరా?" అంది. అది నేను ఇంగ్లీషులోకి చెప్పలేదు.

అడిగినప్పుడు చెప్పాం కాబట్టి ఆకు తీసుకుని చెత్తలో పడేసి పంపించేశారు. దాచి దొరికితే మొదటిసారికే వెయ్యి డాలర్ల దాకా ఫైన్ వెయ్యొచ్చు. అంతకన్నా నా గుండె జారింది ఎందుకంటే, గ్లోబల్ ఎంట్రీ, నెక్సస్ ఉన్నవాళ్ళ విషయంలో ఇలాంటివి ఇంకా గట్టిగా పట్టుకుంటారు. చిన్న పండు, మర్చిపోయిన శాండ్‌విచ్ కూడా చెప్పకపోతే మెంబర్‌షిప్ ఊడబెరికిన సందర్భాలు ఉన్నాయి, విమానంలో ఇచ్చిన యాపిల్ బ్యాగులో పెట్టుకుని దిగిన వాళ్ళతో సహా. నమ్మాం కాబట్టి తక్కువ చూస్తాం, తక్కువ చూసినప్పుడు దొరికావంటే ఇక నమ్మం, ఇదీ వాళ్ళ లెక్క. న్యాయమే. కాకపోతే పిన్నిగారి సంతకంతో సహా అంత కష్టపడి సంపాదించుకున్న నా నమ్మకం ఆ రోజు అమ్మ హ్యాండ్‌బ్యాగ్‌లో, తడి రుమాల్లో చుట్టి ఉందని నాకే తెలీదు.

అందుకే ఎవరైనా అడిగితే ఒకటే చెప్తా, అనుమానం ఉన్న ప్రతీదీ చెప్పెయ్యండి. ఆవకాయ, కారప్పొడులు, స్వీట్లు చెప్తే చూసి ఇచ్చేస్తారు మామూలుగా. మాంసం పచ్చళ్ళు మాత్రం ఎంత బతిమాలినా రావు, అవి అక్కడే తినేసి రండి.

ఇంటికొచ్చాక బావ ఫోన్ చేసి విని, పడీ పడీ నవ్వి, "అదే మా లేన్‌లో అయ్యుంటే నా కార్డు గోవిందా" అన్నాడు. అక్క వెనకనుంచి "అందుకే నేను రెన్యూ చెయ్యలేదు" అని అరిచింది.

మన ఇండియాలో కూడా ఇలాంటిదొకటి వచ్చింది, చాలామంది ఎన్నారైలకి దీని సంగతే తెలీదు. ఎఫ్‌టీఐ-టీటీపీ అని, అంటే ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్ - ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రాం. పేరు పెట్టినవాళ్ళు ఎవరోగానీ నోరు తిరగదు. 2024 జూన్‌లో ఢిల్లీలో మొదలై, 2025 జనవరి 16 నుంచి హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై, కోల్‌కతా, కొచ్చి, అహ్మదాబాద్‌లకి వచ్చింది. ఇండియన్ పాస్‌పోర్టు వాళ్ళకీ, వేరే దేశం పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డున్న మనవాళ్ళకీ, పైసా ఫీజు లేదు. హోమ్ శాఖ వెబ్‌సైట్లో పాస్‌పోర్టు పేజీలు, ఫోటో, అడ్రస్ ప్రూఫ్ పెట్టి అప్లై చేస్తే, వాళ్ళు చూసుకుని మెసేజ్ పంపిస్తారు, ఎయిర్‌పోర్టులోగానీ ఎఫ్ఆర్ఆర్‌ఓ అనే ఇమిగ్రేషన్ ఆఫీసులోగానీ వేలిముద్రలు, మొహం ఫోటో ఇవ్వాలి. పాస్‌పోర్టుకి కనీసం ఆర్నెల్లు గడువుండాలి. ఐదేళ్ళు, లేదా పాస్‌పోర్టు అయిపోయేదాకా, ఏది ముందైతే అది. తర్వాత ఈ-గేటు దగ్గర పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ స్కాన్ చేస్తే మొదటి గేటు తెరుచుకుంటుంది, లోపల మొహమో వేలో చూసుకుని రెండోది తెరుచుకుంటుంది. శంషాబాద్‌లో అర్ధరాత్రి దుబాయ్, దోహా, అబుదాబీ ఫ్లైట్లన్నీ ఒకేసారి పెట్టుకునే టైమ్‌లో ఆ లైన్లో నిలబడ్డవాళ్ళకి దీని విలువ నేను చెప్పక్కర్లేదు.

అసలు మన పేరెంట్స్‌కి ఇన్నాళ్ళూ ఉన్న ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రాం వీల్‌చెయిర్. నిజంగా కాళ్ళనొప్పులున్నవాళ్ళ గురించి కాదు నేననేది, కాలనీలో పొద్దున్నే నాలుగు కిలోమీటర్లు వాకింగ్ చేసి, ఎయిర్‌పోర్టు గుమ్మంలోకి రాగానే మోకాళ్ళు పట్టుకునే వాళ్ళ గురించి. తప్పు పట్టను కూడా, భాష రాని చోట చెయ్యి పట్టుకుని గేటు దాకా తీసుకెళ్ళే మనిషి కావాలి వాళ్ళకి, చక్రాలు కాదు.

కరివేపాకు దెబ్బకి ఏమైందో, అమ్మకి ఈ కార్డుల మీద పట్టుదలొచ్చింది. తెనాలి వెళ్ళాక, హైదరాబాద్‌లో ఇది మొదలైందని నేను చెప్పగానే మా పిన్ని కొడుకుని కూర్చోబెట్టి అప్లికేషన్ పెట్టించుకుంది. అరవై రెండేళ్ళు. నాన్నని కూడా పెట్టమంటే, "ఇప్పటికే అమెరికా వాడికి పది వేళ్ళూ ఇచ్చా, ఆధార్‌కి పది వేళ్ళూ ఇచ్చా, ఇంకా ఎవరెవరికియ్యాలి" అని ససేమిరా అన్నారు. వీల్‌చెయిర్ కూడా వద్దన్నారు, అది ఆయనకి పరువు తక్కువ.

మొన్న మళ్ళీ మా దగ్గరికి బయల్దేరారు. ఇక్కడ నాకు మధ్యాహ్నం, ఆఫీసు కాల్‌లో ఉన్నా, వాట్సాప్ వీడియో మోగింది. మ్యూట్ చేసి ఎత్తా. అమ్మ, మెడలో పాస్‌పోర్టు సంచి, మొహం వెలిగిపోతోంది.

"అయిపోయిందే. నిమిషం కూడా పట్టలా. తలుపు తీసుకుంది, లోపలికెళ్ళా, బొమ్మ తీసింది, ఇంకో తలుపు తీసుకుంది."

"సూపర్ అమ్మా. ఇంక గేటు దగ్గరికెళ్ళి కూర్చో."

"ఎట్టా ఎల్తా, మీ నాన్న రావాలిగా. ఆయన బీపీ మాత్రలు నా బ్యాగులోనే ఉన్నాయి, నా కళ్ళజోడు ఆయన జేబులో ఉంది. ఈ ఇమిగ్రేషన్ అవతల కుర్చీలుంటే కూర్చున్నా."

"ఎంతసేపయింది?"

"అరగంట. లైన్లో కనపడతా ఉన్నారులే. ఇంకా నలుగురున్నారు ఆయన ముందు. చెయ్యి ఊపితే చూడ్డంలా. ఉండు ఉండు, వెనకున్నాయనతో ఏదో మాట్లాడతన్నారు... ఏ ఊరో అడిగుంటారు. అయ్యో, లైను ముందుకి కదిలింది, చూసుకోవట్లేదు చూడు."

ఫోన్ పక్కన పెట్టేసింది. ఎయిర్‌పోర్టు పైకప్పు కనపడుతోంది నాకు, అమ్మ గొంతు మాత్రం దూరంగా వినపడుతోంది, "ఏవండీ! ముందుకి! ముందుకి జరగండి!"